కరెంటు డిమాండును బట్టి నడిచే కోజనరేషన్ యంత్రం: నియంత్రణ అల్గారిదాన్ని ఎలా పరీక్షించాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుంటే: జర్మనీలో మాస్టర్స్ థీసిస్‌లో భాగంగా మీరు పన్నెండు ఫ్లాట్ల భవనంలోని కోజనరేషన్ యంత్రానికి ఒక నియంత్రణ అల్గారిదం రాశారు. ఆ యంత్రం 5.5 కిలోవాట్ల కరెంటును, దానితోపాటు 12.5 కిలోవాట్ల వేడిని ఇస్తుంది. పక్కన 1,000 లీటర్ల వేడినీటి ట్యాంకు, చలి ముదిరినప్పుడు ఆదుకునేందుకు గ్యాస్ బాయిలర్ ఉన్నాయి. ఇంతకాలం వేడి అవసరాన్ని బట్టి నడిచిన యంత్రాన్ని ఇకపై భవనంలోని కరెంటు వాడకాన్ని, మార్కెట్ ధరను బట్టి నడపాలన్నది మీ ఉద్దేశం. సిమ్యులేషన్‌లో ఆదా బాగానే కనిపించింది. టెస్ట్ బెంచ్ (అసలు యంత్రాన్ని ప్రయోగశాలలో నడిపి చూసే ఏర్పాటు) మీదికి వెళ్లే ముందు దేన్ని, ఏ క్రమంలో, ఎన్ని రోజులు పరీక్షించాలని అడిగారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇలాంటి వ్యవస్థల్లో ఆప్టిమైజర్ (యంత్రాన్ని ఎప్పుడు నడిపితే ఖర్చు తగ్గుతుందో తేల్చే భాగం) తప్పు లెక్క వేయడం అరుదు. ఈ పరిమాణంలోని సమస్యను ఇప్పటి సాల్వర్లు (ఆ లెక్క చేసే ప్రోగ్రాములు) క్షణాల్లో తేల్చేస్తాయి. దెబ్బతినేది దాని చుట్టూ ఉన్నది: ట్యాంకులో ఎంత వేడి మిగిలి ఉందో అంచనా వేసే భాగం, రేపటి వాడకాన్ని ఊహించే భాగం, ఆ రెండూ తప్పినప్పుడు ఎవరి మాట చెల్లాలో నిర్ణయించే భాగం. అందువల్ల మీ పరీక్షల్లో ఎక్కువ సమయం అల్గారిదం సరిగ్గా పనిచేసే పరిస్థితులకు కాక, దానికి అందే సమాచారం తప్పుగా ఉండే పరిస్థితులకు కేటాయించండి.

కరెంటు డిమాండును బట్టి నడపగలిగే స్వేచ్ఛ ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే ఇది అర్థమవుతుంది. ఆంధ్ర, తెలంగాణల చక్కెర మిల్లుల్లో చెరకు పిప్పితో నడిచే కోజనరేషన్‌ను చూసినవారికి అక్కడ ఆవిరి అవసరమే యజమాని అని తెలుసు. క్రషింగ్ నడిచినంతసేపు టర్బైను నడవవలసిందే. మీ భవనంలో అలా కాదు. కరెంటు కావలసిన గంటకూ వేడి కావలసిన గంటకూ మధ్య ఆ 1,000 లీటర్ల నీళ్లు నిలబడి ఉన్నాయి, మీ అల్గారిదానికి దక్కే స్వేచ్ఛ మొత్తం వాటిలోనే ఉంది. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.163 వాట్ అవర్లు కావాలి కాబట్టి, 40 డిగ్రీల నీటిని 70 డిగ్రీలకు తెస్తే ట్యాంకులో దాదాపు 35 యూనిట్లు (కిలోవాట్ అవర్లు) నిల్వ ఉంటాయి. ఎవరూ వేడి వాడకపోతే యంత్రం రెండు గంటల ముప్పావులో దాన్ని నింపేస్తుంది.

అయితే ఆ 35 అనే సంఖ్య స్థిరమైనది కాదు. చాలా థీసిస్‌లలో ట్యాంకును ఒక బ్యాటరీలాగా, స్థిరమైన సామర్థ్యం ఉన్న డబ్బాలాగా రాసుకుంటారు. నిజానికి ఆ సామర్థ్యం కింది నుంచి తిరిగి వచ్చే నీటి ఉష్ణోగ్రతను బట్టి మారుతూ ఉంటుంది. జర్మనీలో లెజియోనెల్లా బాక్టీరియా భయం వల్ల పెద్ద భవనాల వేడినీటి వ్యవస్థలకు గ్యాస్, నీటి రంగాల సాంకేతిక సంఘం డీవీజీడబ్ల్యూ వారి డబ్ల్యూ 551 నిబంధన వర్తిస్తుంది. దాని ప్రకారం నీరు 60 డిగ్రీలతో బయలుదేరాలి, భవనమంతా తిరిగి వచ్చే సర్క్యులేషన్ పైపులో 5 డిగ్రీలకు మించి చల్లబడకూడదు. అంటే ఆ సర్క్యులేషన్ నడిచినంతసేపు, ఎవరూ కుళాయి తిప్పకపోయినా, 55 డిగ్రీల నీరు తిరిగి వస్తూనే ఉంటుంది. ఆ వేడి మీ ట్యాంకు నుంచే వెళుతున్నట్లయితే ట్యాంకు అడుగుభాగం మెల్లగా వేడెక్కి, పైన వేడి నీరు, కింద చల్లని నీరు అనే పొరల అమరిక చెదిరిపోతుంది. అప్పుడు 55 నుంచి 70 వరకు వాడుకోగలిగేది దాదాపు 17 యూనిట్లు మాత్రమే, ముందు చెప్పినదానిలో సరిగ్గా సగం. పైగా ఇంజిన్‌లోకి వెళ్లే నీరు ఒక హద్దు దాటి వేడెక్కితే (చాలా యంత్రాల్లో ఆ హద్దు 70 డిగ్రీల దగ్గర ఉంటుంది) యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. సాయంత్రం ఏడింటికి మంచి ధర ఉందని మీ అల్గారిదం వేసుకున్న ప్రణాళిక అక్కడితో ముగుస్తుంది.

కనుక మీరు చేయవలసిన మొదటి పరీక్షకు ఆప్టిమైజర్ అక్కర లేదు. ట్యాంకును ఒక తెలిసిన స్థితికి తెచ్చి, ఫ్లో మీటరు, ఉష్ణోగ్రత సెన్సార్లతో లోపలికి వెళ్లిన వేడినీ బయటికి వచ్చిన వేడినీ కొలుస్తూ, మీ అంచనా భాగం చెప్పే నిల్వ విలువ వాస్తవానికి ఎంత దూరంలో ఉందో చూడండి. నింపుతున్నప్పుడు, ఖాళీ చేస్తున్నప్పుడు, రెండూ ఒకేసారి జరుగుతున్నప్పుడు, ఆరేడు గంటలు ఏమీ చేయకుండా వదిలేసినప్పుడు విడివిడిగా చూడండి. భవనంలో ట్యాంకుకు మూడో నాలుగో సెన్సార్లు మాత్రమే ఉంటాయి. బెంచ్ మీద పది ఉన్నాయి కదా అని అన్నింటినీ అల్గారిదానికి ఇవ్వకండి. అల్గారిదానికి భవనంలో ఉన్నన్నే ఇచ్చి, మిగిలినవాటిని సాక్ష్యంగా వాడుకోండి. ఈ పరీక్షలో వచ్చిన లోపమే తరువాత మీ ప్రణాళికలో ఉంచుకోవలసిన భద్రతా మార్జిన్‌ను నిర్ణయిస్తుంది.

సిమ్యులేషన్ గురించి ఒక మాట. ఆప్టిమైజర్‌లో వాడిన సమీకరణాలనే సిమ్యులేషన్‌లోనూ వాడితే అది విద్యార్థి తన ప్రశ్నపత్రం తానే రాసుకుని, తానే దిద్దుకున్నట్టు ఉంటుంది. ఆప్టిమైజర్ పదిహేను నిమిషాల అడుగులతో, సరళ సమీకరణాలతో నడవడంలో తప్పేమీ లేదు. దాన్ని పరీక్షించే నమూనా మాత్రం వేరుగా, మరింత సూక్ష్మంగా ఉండాలి. పొరలు ఉన్న ట్యాంకు, నిమిషం లేదా అంతకంటే చిన్న అడుగు, కనీస నడక సమయం, స్టార్ట్ అయ్యే తీరు అన్నీ అందులో ఉండాలి. స్టార్ట్ అయిన ఒకటి రెండు నిమిషాల్లోనే కరెంటు పూర్తి స్థాయికి చేరుతుంది కానీ, ఇంజిన్ దిమ్మె, పొగ నుంచి వేడి లాగే ఎక్స్ఛేంజర్ ముందు తాము వేడెక్కాలి కాబట్టి పూర్తి వేడి ట్యాంకుకు చేరడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. అరగంట నడిచి ఆగే ప్రణాళికలో ఈ ఆలస్యం చిన్న విషయం కాదు. సిమ్యులేషన్ సాధనాలైన మోడెలికాలో గాని ట్రాన్సిస్‌లో గాని ఇలాంటి నమూనా చేసుకోవచ్చు. మోడెలికా నమూనాను ఎఫ్ఎంయూ (వేరే సాఫ్ట్‌వేర్‌లో కూడా నడిచే ప్యాకేజీ) రూపంలో బయటికి తెస్తే అదే నమూనాను తరువాతి దశల్లో కూడా వాడుకోవచ్చు.

కరెంటు వాడకం డేటా విషయంలో కూడా పదిహేను నిమిషాల సగటు మోసం చేస్తుంది. వంట, కెటిల్, వాషింగ్ మెషీన్ తెచ్చే పొట్టి శిఖరాలు ఆ సగటులో కరిగిపోయి, యంత్రం ఇచ్చిన కరెంటంతా భవనంలోనే ఖర్చయినట్టు కనిపిస్తుంది. నిజమైన మీటరు క్షణక్షణానికీ ఇచ్చిపుచ్చుకోవడాలను లెక్క వేస్తుంది: ఒక నిమిషం గ్రిడ్‌కు పంపి, మరుసటి నిమిషం గ్రిడ్ నుంచి తెచ్చుకుంటే ఆ రెంటికీ ధరలు వేరు. కాబట్టి సొంత వాడకం వాటాను కనీసం నిమిషం స్థాయి డేటాతో లెక్కించండి.

ఇక పోలిక. మీ అల్గారిదాన్ని వేడిని బట్టి నడిచే పాత పద్ధతితో మాత్రమే పోల్చారని మీ వివరణ బట్టి తెలుస్తోంది. అది చాలదు. దానితోపాటు రెండు కావాలి. మొదటిది, ఏ అంచనాలూ అవసరం లేని సులువైన టైమర్ నియమం: ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం ఐదు నుంచి పది వరకు నడపడం, ట్యాంకు నిండితే ఆపడం, అడుగంటితే నడపడం. రెండవది, రేపటిదంతా ముందే తెలిసిన ఆదర్శ ఆప్టిమైజర్. దానిని ఎవరూ దాటలేరు కనుక అది పైహద్దు. పాత పద్ధతికీ ఆదర్శానికీ మధ్య ఉన్న దూరంలో టైమర్ నియమం ఎంత సాధిస్తుంది, మీ అల్గారిదం అదనంగా ఎంత సాధిస్తుంది అన్నదే పరీక్షకులు అడగవలసిన ప్రశ్న. టైమర్ నియమమే ఎక్కువ భాగం సాధించేసే భవనాలు చాలా ఉన్నాయి. మీ భవనం అలాంటిదే అయితే ఆ విషయం నిర్మొహమాటంగా రాయడం థీసిస్‌కు బలమే.

అంచనాల పరీక్షలో సాధారణంగా జరిగే తప్పేమిటంటే, వాస్తవ వాతావరణానికి కొంత యాదృచ్ఛిక నాయిస్ కలిపి దాన్నే ‘అంచనా’గా ఇవ్వడం. అలాంటి దోషం గంట గంటకూ అటూ ఇటూ ఊగి, సగటున సున్నాకు వచ్చేస్తుంది. ట్యాంకు దాన్ని సులువుగా మింగేస్తుంది. నిజమైన అంచనా తప్పినప్పుడు రోజంతా ఒకే వైపు తప్పుతుంది: పొగమంచు విడిపోతుందనుకున్న రోజున సాయంత్రం దాకా విడిపోదు, పన్నెండు ఫ్లాట్లలోనూ హీటింగ్ అంచనాకు మించి నడుస్తుంది. అందువల్ల నిజంగా ప్రచురించిన అంచనాలనే వాడండి. జర్మన్ వాతావరణ శాఖ తన మోస్‌మిక్స్ అంచనాలను ఉచితంగా ఇస్తుంది కానీ పాతవి ఆ సర్వర్‌లో ఎక్కువ కాలం నిలవవు. థీసిస్ మొదటి వారం నుంచే వాటిని రోజూ దింపుకుని దాచుకోవడం మొదలుపెట్టండి.

ధరల్లో మరో చిక్కు ఉంది. మరుసటి రోజు ధరలను నిర్ణయించే వేలం మధ్యాహ్నం 12 గంటలకు ముగుస్తుంది, ఫలితాలు ఆ తరువాత ఒంటిగంట లోపు వస్తాయి. 2025 అక్టోబర్ 1 నుంచి ఈ ధరలు పదిహేను నిమిషాలకొకటి చొప్పున ఉంటున్నాయి. అంటే ఫలితాలు రాకముందు మీ అల్గారిదానికి తెలిసిన భవిష్యత్తు దాదాపు పదకొండు గంటలు, వచ్చాక దాదాపు ముప్పై అయిదు గంటలు. ఈ హద్దు దగ్గర ఆప్టిమైజర్ ఒక తెలివైన దొంగపని చేస్తుంది: లెక్క ముగిసే గడియకు ట్యాంకులో వేడి మిగిలితే దానికి విలువ లేదు కనుక, ఖాళీ చేసేస్తుంది. అర్ధరాత్రికి ట్యాంకు అడుగంటి, తెల్లవారి స్నానాల వేళకు బాయిలర్ మండుతుంది. చివరి నిల్వకు ఒక ధర కట్టారా, ఆ ధర ఎంత అన్నది పరీక్షించండి. మధ్యాహ్నానికి ముందు గంటలో, తరువాతి గంటలో ప్రణాళిక ఎంతగా మారుతోందో విడిగా గీసి చూడండి.

జర్మన్ కోజనరేషన్ చట్టం మరో పరిమితి తెచ్చింది. కొత్త యంత్రాలకు మొత్తం 30,000 పూర్తి సామర్థ్యపు గంటలకు ప్రోత్సాహకం దొరుకుతుంది కానీ, ఏడాదికి ఇన్ని గంటలకే అన్న హద్దు ఉంది. 2021లో 5,000 గంటలు, 2023 నుంచి 4,000, 2025లో 3,500. ఆ తరువాత ఏటా తగ్గుతూ 2030 నాటికి అది 2,500కు చేరుతుంది.  ఏడాదిలో 8,760 గంటలు ఉంటే అందులో ఆ హద్దులో పట్టే ఏ గంటలను ఎంచుకోవాలన్నదే అసలు సమస్య. ఒక రోజు మీద నడిచే ఆప్టిమైజర్‌కు ఈ కొరత కనిపించదు. ఏడాది మొత్తం సిమ్యులేషన్ నుంచి ఒక గంటకు ఎంత విలువ కట్టాలో తేల్చి, దాన్ని రోజువారీ లెక్కలో ఖర్చుగా చేర్చాలి. ఈ ఒక్క విషయాన్ని టెస్ట్ బెంచ్ మీద పరీక్షించలేరు, దానికి సిమ్యులేషనే గతి.

బెంచ్ మీదికి వెళ్లే ముందు అసలు కంట్రోలర్ పెట్టెలో మీ ప్రోగ్రామును పెట్టి, యంత్రం స్థానంలో నమూనాను తగిలించి, నిజ సమయంలో నడపండి. ఇక్కడ కనిపించే దోషాలు థర్మోడైనమిక్స్‌వి కావు: మోడ్‌బస్ (పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) ద్వారా జవాబు రాలేదు, ధరల ఫైలు సగమే వచ్చింది, సాల్వర్ గడువులోపు ముగించలేదు, కరెంటు పోయి వచ్చాక పాత ప్రణాళికే నడుస్తోంది. వీటిలో ప్రతిదాన్నీ కావాలనే కలిగించి చూడాలి. మరొకటి, భారతదేశంలో పెరిగిన మనకు తట్టని విషయం: జర్మనీలో మార్చి చివరి ఆదివారం గడియారం ముందుకు, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కు జరుగుతుంది. మొదటి రోజులో పావుగంటలు 92, రెండవ రోజులో 100. రోజుకు 96 అని ఎక్కడైనా రాసి ఉంటే ప్రోగ్రాము ఆ రెండు రాత్రుల్లో దొరికిపోతుంది.

ఇప్పుడు టెస్ట్ బెంచ్. మీ బెంచ్ మీద అసలు యంత్రం, అసలు ట్యాంకు ఉండి, భవనం బదులు ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ ద్వారా శీతల నీటికి వేడిని వదిలే ఏర్పాటు ఉంటుందనుకుంటున్నాను. రెండు మార్గాలున్నాయి. ముందే రాసిపెట్టిన వేడి వాడకాన్ని యథాతథంగా నడపడం ఒకటి. భవనం నమూనాను పక్కన కంప్యూటర్‌లో నడుపుతూ, ట్యాంకు నుంచి వచ్చిన నీటి ఉష్ణోగ్రతను బట్టి వాడకాన్ని అప్పటికప్పుడు లెక్కించడం రెండవది. మొదటిదానిలో ఒక లోటు ఉంది: ట్యాంకు చల్లబడినా రాసిపెట్టిన వాడకం ఆగదు, ఏర్పాటు వేడిని బలవంతంగా లాగుతూనే ఉంటుంది. నిజమైన భవనంలో నీరు చల్లబడితే గదులు చల్లబడతాయి, వాల్వులు తెరుచుకుంటాయి, తిరిగి వచ్చే నీటి ఉష్ణోగ్రత మారుతుంది. అల్గారిదాల మధ్య పోలికకు మొదటిది చాలు, సౌకర్యం చెడిందా లేదా అని తేల్చడానికి రెండవది తప్పదు.

ఏ రోజులను నడపాలన్న మీ ప్రశ్నకు జర్మన్ ఇంజనీర్ల సంఘం వీడీఐ వారి 4655 ప్రమాణం మంచి ఆధారం. అది ఏడాదిని పది రకాల రోజులుగా విడగొడుతుంది. సగటు ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే తక్కువైతే శీతాకాలం, 15 దాటితే వేసవి, మధ్యలోది సంధికాలం. పని దినమా ఆదివారమా అన్నది, వేసవిలో తప్ప ఆకాశం తేటగా ఉందా మబ్బుగా ఉందా అన్నది కూడా చూస్తుంది. అయితే పది రకాలకూ సమానంగా సమయం ఇవ్వకండి. నడి శీతాకాలంలో భవనానికి కావలసిన వేడి యంత్రం ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ. ఏ అల్గారిదం పెట్టినా యంత్రం రోజంతా నడుస్తుంది, తేడా కనిపించదు. ఒక్క రోజు చాలు, అదీ బాయిలర్‌తో పొత్తు కుదురుతోందో లేదో చూడడానికి. వేసవిలో స్నానాల వేడి, సర్క్యులేషన్ నష్టమే ఉంటాయి. అక్కడ చూడవలసింది స్టార్టుల సంఖ్య, యంత్రం అతిగా వేడెక్కి ఆగిన సంఘటనలు. సంధికాలపు రోజుల్లోనే యంత్రం సగం సేపు నడిచి సగం సేపు ఆగుతుంది, ఎప్పుడు నడపాలన్న ఎంపికకు నిజమైన విలువ ఉంటుంది. మీ బెంచ్ సమయంలో సగానికి పైగా వాటికే ఇవ్వండి.

ఒక రోజును విడిగా నడిపితే ఆ రోజు మొదట్లో ట్యాంకులో ఉన్నదే ఫలితాన్ని శాసిస్తుంది. 35 యూనిట్లు నిండుగా మొదలుపెట్టి ఖాళీగా ముగిస్తే, అది సంధికాలపు రోజు వాడకంలో చిన్న భాగం కాదు. అందుకని మూడు రోజులను వరుసగా నడిపి, మొదటి రోజును లెక్కలోంచి తీసేసి, మిగిలిన రెండు రోజుల ఆరంభంలోనూ ముగింపులోనూ ఉన్న నిల్వల తేడాను సరిచేయండి. ఆ తేడాకు కట్టే విలువ బాయిలర్ ఆ వేడిని ఇవ్వడానికి కాల్చే గ్యాస్ ఖర్చు. 90 శాతం సామర్థ్యం ఉన్న బాయిలర్ అయితే ఒక యూనిట్ వేడికి దాదాపు 1.1 యూనిట్ల గ్యాస్.

కొలతల విషయంలో ఆశలు అదుపులో ఉంచుకోవాలి. నీటి ఉష్ణోగ్రతల తేడా 20 డిగ్రీలు ఉన్నప్పుడు సెన్సార్ల జతలో 0.2 డిగ్రీ లోపం ఉంటేనే వేడి లెక్కలో ఒక శాతం పోతుంది. ఫ్లో మీటరు లోపం దానికి తోడు. మీ అల్గారిదం తెచ్చే ఆదా మూడు నాలుగు శాతమైతే, ఒక్క పరుగుతో దాన్ని నిరూపించలేరు. ఊరట ఏమిటంటే, అవే సెన్సార్లతో, అవే రోజుల వరుసతో పాత పద్ధతినీ కొత్తదాన్నీ జంటగా నడిపితే స్థిరమైన లోపాలు రెండింటిలోనూ ఒకేలా ఉండి, తేడాలో చాలావరకు కొట్టుకుపోతాయి. కనీసం ఒక వరుసనైనా ఏ మార్పూ లేకుండా రెండుసార్లు నడిపి, బెంచ్ తనకు తాను ఎంత భిన్నంగా ఉందో చూపించండి. ఆ భిన్నత్వం కంటే చిన్న ఆదాను ఆదాగా రాయకూడదు.

ఫలితాల పట్టికలో ఖర్చు ఒక్కటే పెడితే చాలా దాగిపోతుంది. రోజుకు స్టార్టులు, ఒక్కో పరుగు నిడివి, బాయిలర్ వాటా, 60 డిగ్రీల కంటే దిగువకు నీరు పడిన నిమిషాలు, ప్రణాళిక ప్రకారం నడవని పావుగంటల సంఖ్య తప్పక ఉండాలి. బాయిలర్ వాటాను ముఖ్యంగా చూడండి. అల్గారిదం ఎంత చెడ్డ ప్రణాళిక వేసినా బాయిలర్ నిశ్శబ్దంగా లోటు పూడుస్తుంది, గదులు వెచ్చగానే ఉంటాయి, ఎవరూ ఫిర్యాదు చేయరు.

ఆ తరువాత భవనంలోకి వెళ్లే అవకాశం వస్తే, కొత్త అల్గారిదాన్నీ పాతదాన్నీ వారం విడిచి వారం మార్చండి. రోజు విడిచి రోజు మారిస్తే నిన్నటి అల్గారిదం మిగిల్చిన వేడిని ఇవాళ్టిది అనుభవిస్తుంది. మార్చిన ప్రతిసారీ మొదటి రోజును లెక్కలోంచి తీసేయండి. ట్యాంకు పై సెన్సారు నిర్ణీత హద్దు కంటే దిగువకు పడితే మీ అల్గారిదాన్ని అడగకుండానే యంత్రాన్ని, చాలకపోతే బాయిలర్‌ను వెలిగించే పాత థర్మోస్టాట్ తర్కాన్ని తీసేయకండి. దాన్ని వేరే కంట్రోలర్‌లో, మీ ప్రోగ్రాముతో సంబంధం లేకుండా ఉంచండి, అది జోక్యం చేసుకున్న ప్రతి సందర్భాన్నీ సమయంతో సహా నమోదు చేయండి. ఒక శీతాకాలం, ఒక సంధికాలం దాటాక అందరికంటే ముందు మీరు తెరవవలసిన ఫైలు అదే.